తాకట్టు పెట్టిన కప్పు: వెస్ట్ ఆక్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు కథ

ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలను ఫుట్‌బాల్ గురించి అడిగితే మాంచెస్టర్, లివర్‌పూల్, ఆర్సెనల్ అంటూ గడగడా అప్పజెబుతారు. ఏ ఆటగాడు ఎన్ని లక్షలకు అమ్ముడుపోయాడో కూడా వారికి కంఠతా వచ్చు. తప్పు పట్టనక్కరలేదు. మన చిన్నతనంలో సినిమా నటుల విషయంలో మనం చేసిన పనే అది. అయితే ఈ ఇంగ్లండులోనే ఫుట్‌బాల్‌కు ఇంకొక చరిత్ర ఉన్నది. అది పట్నాల చరిత్ర కాదు, డబ్బు చరిత్ర అసలే కాదు. బొగ్గు గనుల్లో దిగి పనిచేసినవారు శనివారం మధ్యాహ్నం ఒళ్ళు కడుక్కుని ఆడిన ఆట అది. వారిలో ఒక ఊరి జట్టు దేశం కాని దేశం వెళ్ళి రెండుసార్లు అంతర్జాతీయ కప్పు గెలిచింది. గెలిచిన కప్పును ఇంటికి తెచ్చి తాకట్టు పెట్టింది. విడిపించుకోవడానికి 49 సంవత్సరాలు పట్టింది.

ఆ ఊరి పేరు వెస్ట్ ఆక్లండ్. ఉత్తర ఇంగ్లండులోని డర్హం కౌంటీలో, బిషప్ ఆక్లండ్ అనే చిన్న పట్టణానికి నైరుతి దిక్కున మూడు మైళ్ళ దూరంలో ఉన్నది. క్లబ్బు పేరులో 'టౌన్' అని ఉన్నా, ఊరు మాత్రం పెద్ద గ్రామమే. మధ్యలో పొడుగాటి పచ్చిక బయలు, దాని చుట్టూ ఇళ్ళు. పక్కనే గాన్‌లెస్ అనే చిన్న ఏరు పారుతుంది. పూర్వం ఆ ప్రాంతంలో స్థిరపడిన నార్వే, డెన్మార్కు వారి భాషలో ఆ మాటకు 'పనికిరానిది' అని అర్థమట. చేపకూ పనికిరాదు, మరకూ పనికిరాదు అనుకుని పెట్టి ఉంటారు! ఆ ఏరు పారే నేల అడుగున బొగ్గు ఉన్నదన్న సంగతి వారికి తెలియదు. 1825లో ఆవిరియంత్రంతో నడిచిన తొలి ప్రజా రైలుమార్గం, స్టాక్‌టన్ డార్లింగ్టన్ రైల్వే పుట్టింది ఈ చుట్టుపక్కల గనుల బొగ్గును రేవుకు చేర్చడానికే. గాన్‌లెస్ ఏటి మీద ఆ రైలు కోసం కట్టిన ఇనుప వంతెన ప్రపంచంలోని మొదటి ఇనుప రైలు వంతెనలలో ఒకటి.

ఇల్లెందు, కొత్తగూడెం తెలిసిన కుటుంబాల వారికి ఇటువంటి ఊరిని వర్ణించి చెప్పనక్కరలేదు. సింగరేణి బొగ్గు తవ్వడానికి హక్కులు పొందిన హైదరాబాదు దక్కన్ కంపెనీ 1886లో ఏర్పడింది ఇంగ్లండులోనే. డర్హం గనుల్లోనూ అంతే: షిఫ్టు సైరను, నల్లబడిన ముఖాలు, కంపెనీ ఇళ్ళు, ప్రమాద వార్త వస్తే గని ముఖద్వారం దగ్గర గుమిగూడే ఆడవాళ్ళు. ఆటలు కూడా ఆ జీవితంలోంచే వచ్చాయి.

ఇక్కడ 'అమెచ్యూర్' అనే మాటను గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథ అంతా దాని చుట్టూ తిరుగుతుంది. 1885లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఆటగాళ్ళకు జీతం ఇవ్వడాన్ని చట్టబద్ధం చేసింది. దానితో డబ్బున్న క్లబ్బులు ముందుకు పోయాయి. డబ్బు పుచ్చుకోకుండా ఆడే జట్ల కోసం 1893లో అమెచ్యూర్ కప్పు అనే వేరే పోటీ పెట్టారు. ఆట కోసమే ఆట అన్నది దాని ఆదర్శం. వినడానికి గొప్పగానే ఉంటుంది. కాని ఆ ఆదర్శం పెట్టినవారు ఎవరు? పెద్ద పాఠశాలల్లో, ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జిలలో చదివిన దొరబిడ్డలు. వారికి సోమవారం పనికి పోకపోతే కూలి పోయే బాధ లేదు. గనిలో పనిచేసేవాడు మ్యాచి కోసం ఒక షిఫ్టు వదులుకుంటే ఆ రోజు కూలి పోయినట్లే. ఆ కూలి క్లబ్బు ఇస్తే మాత్రం 'వృత్తి ఆటగాడు' అనే ముద్ర పడి బహిష్కారం. ఒకే నియమం, ఒకడికి అలంకారం, ఇంకొకడికి జరిమానా.

పక్కనున్న బిషప్ ఆక్లండ్ క్లబ్బు పుట్టుక చూస్తే ఇది స్పష్టమవుతుంది. అక్కడ ఆట మొదలుపెట్టినది బిషప్ గారి కోటలో మతవిద్య నేర్చుకోవడానికి వచ్చిన ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు. ఆ రెండు విశ్వవిద్యాలయాల ముదురు నీలం, లేత నీలం రంగులే క్లబ్బు రంగులయ్యాయి. 1886 నాటికి క్లబ్బు స్థిరపడింది. కాలక్రమాన విద్యార్థులు పోయారు, రంగులు మిగిలాయి. ఆ చొక్కాలు తొడుక్కున్నది గనివాళ్ళ పిల్లలు.

ఇక వెస్ట్ ఆక్లండ్ సంగతి. 1908లో ఈ జట్టు నార్దరన్ లీగులో ప్రవేశించింది. చెప్పుకోదగ్గ జట్టేమీ కాదు. అటువంటి జట్టు 1909 ఈస్టరు సెలవుల్లో ఇటలీలోని ట్యూరిన్ నగరానికి ఇంగ్లండు తరఫున ఎట్లా వెళ్ళింది?

దీనికి కారకుడు మన ఇళ్ళలో అందరికీ తెలిసినవాడే, లిప్టన్ టీ యజమాని సర్ థామస్ లిప్టన్. 1848లో గ్లాస్గోలో పేద ఇంట పుట్టి, 1871లో అక్కడే చిన్న దుకాణం తెరిచి, దేశమంతటా దుకాణాలు పెట్టిన మనిషి. 1890లో సింహళానికి వెళ్ళి తేయాకు తోటలు కొన్నాడు. ఆ తోటల్లో ఆకు కోసినవారిలో అత్యధికులు కంగాణీల వెంట దక్షిణ భారతం నుంచి వెళ్ళిన తమిళ కూలీలు. మన తెలుగువారు మలయా రబ్బరు తోటలకు తరలిపోయింది కూడా అటువంటి కంగాణీల వెంటనే. ఆ తేయాకు సంపాదనలో కొంత భాగం ఆటల కప్పులుగా మారింది. లిప్టన్‌కు పోటీలంటే మహా ఇష్టం. అర్జెంటీనా, ఉరుగ్వే జట్ల మధ్య పోటీకి 1905లో ఒక కప్పు ఇచ్చాడు. తాను స్వయంగా పడవ పందేలలో అమెరికా కప్పు కోసం 1899 నుంచి 1930 వరకు ఐదుసార్లు పోటీచేసి ఐదుసార్లూ ఓడిపోయాడు. తాను గెలవలేని కప్పు కోసం ఆశపడుతూ, ఇతరులు గెలిచే కప్పులు పంచిపెట్టిన విచిత్రమైన మనిషి.

ట్యూరిన్ పోటీకి కూడా ఆయన ఒక కప్పు బహూకరించాడు. ఇటలీ, జర్మనీ, స్విట్జర్లండు జట్లు వచ్చాయి. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం మాత్రం జట్టును పంపడానికి ఇష్టపడలేదు. చివరకు పిలుపు వెస్ట్ ఆక్లండ్‌కు వచ్చింది. ఎందుకు వచ్చిందన్న దానికి ఊళ్ళో ఒక ముచ్చటైన కథ చెప్పుకుంటారు: డబ్ల్యు, ఏ అనే పొడి అక్షరాలు చూసి లిప్టన్ మనుషులు 'వూల్‌విచ్ ఆర్సెనల్' అనుకుని ఉత్తరం రాయబోయి వెస్ట్ ఆక్లండ్‌కు రాశారని! వినడానికి బాగున్నది గాని నమ్మడానికి ఆధారం లేదు. ఆర్సెనల్ అప్పటికే జీతాలిచ్చే పెద్ద క్లబ్బు. ఒకవేళ నిజంగా పొరబాటే జరిగి ఉంటే 1911లో మళ్ళీ వీరినే ఎందుకు పిలుస్తారు?

పిలుపు వచ్చింది గాని ప్రయాణానికి డబ్బు లేదు. ఎవరి ఖర్చు వారే పెట్టుకోవలసి వచ్చిందనీ, కొందరు ఇంట్లో సామాను అమ్ముకున్నారనీ ఊరివారు చెబుతారు. గనిలో సెలవు పెడితే ఆ రోజుల కూలి కూడా పోతుంది. భార్యలతో ఏమి చెప్పారో, వాళ్ళేమన్నారో చరిత్రకు ఎక్కలేదు. ఊహించుకోవడం కష్టం కాదు. మొత్తానికి రైళ్ళు మారి, సముద్రం దాటి, మళ్ళీ రైళ్ళు ఎక్కి జట్టు ట్యూరిన్ చేరింది. పక్క పట్టణమైన క్రుక్ జట్టు నుంచి జాక్ గ్రీన్‌వెల్ అనే యువకుడు కూడా వీరితో కలిసి ఆడాడు. అతనూ గనిలో పనిచేసినవాడే.

మొదటి ఆటలో జర్మనీకి చెందిన స్టుట్‌గార్ట్ జట్టును 2-0 తేడాతో ఓడించారు. 1909 ఏప్రిల్ 12న, ఈస్టరు సోమవారం నాడు, స్విట్జర్లండుకు చెందిన వింటర్‌టూర్ మీద మళ్ళీ 2-0. కప్పు వెస్ట్ ఆక్లండ్ వచ్చింది.

రెండు సంవత్సరాల తరువాత, కప్పు నిలుపుకోవడానికి మళ్ళీ వెళ్ళారు. జూరిక్ జట్టును 2-0తో దాటి, 1911 ఏప్రిల్ 17న చివరి ఆటలో తలపడినది యువెంటస్‌తో. అవును, ఈనాడు ప్రపంచ ప్రసిద్ధి పొందిన యువెంటసే. ఫలితం 6-1. గెలిచినది వెస్ట్ ఆక్లండ్! వరుసగా రెండుసార్లు గెలిచినందువల్ల కప్పు శాశ్వతంగా వారిదే అయింది.

దీన్ని 'మొట్టమొదటి ప్రపంచ కప్పు' అని ఆ ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. న్యాయంగా చూస్తే అంత పెద్ద మాట దీనికి సరిపోదు. ఒక్కొక్కసారి ఆడినవి నాలుగు జట్లు మాత్రమే, అవీ క్లబ్బులే, దేశపు జట్లు కావు. ఇటువంటి పోటీ ట్యూరిన్‌లోనే 1908లో కూడా ఒకటి జరిగింది. అసలు ప్రపంచ కప్పు 1930లో ఉరుగ్వేలో మొదలైంది. అయినా ఆ బిరుదు లాగేసుకోవలసిన అవసరం నాకు కనిపించదు. తమ కూలి వదులుకుని వెళ్ళి యువెంటస్‌కు ఆరు గోల్సు కొట్టి వచ్చినవారికి ఆ మాత్రం అతిశయోక్తికి హక్కున్నది.

కప్పుతో తిరిగి వచ్చినవారికి ఎదురు వచ్చినది అప్పు. రెండు ఇటలీ ప్రయాణాలతో క్లబ్బు నడుం విరిగింది. ఊళ్ళో వీట్‌షీఫ్ అనే సారాయి హోటలు క్లబ్బువారి అడ్డా. దాని యజమానురాలి దగ్గర కప్పు తాకట్టు పెట్టి 40 పౌన్లు తెచ్చుకున్నారు. గనిలో దిగేవాడికి నెలల తరబడి పడిన కూలి అంత సొమ్ము అది. 1912లో క్లబ్బు నార్దరన్ లీగు నుంచి తప్పుకున్నది. అదే సంవత్సరం కనీస వేతనం కోసం బ్రిటన్‌లో సుమారు పది లక్షల మంది గనికార్మికులు సమ్మె చేశారు. ఆ వసంతంలో డర్హం గనివాడలలో ఏ ఇంటి పొయ్యి ఎట్లా వెలిగిందో ఆలోచిస్తే, కప్పు విడిపించడం ఎవరికీ పట్టకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

తాకట్టు అంటే ఏమిటో మన కుటుంబాలకు వేరే చెప్పాలా? ఓడ ఎక్కడానికి, చదువుకు, పెళ్ళికి, అమ్మమ్మల నాన్నమ్మల నగలు షావుకారు పెట్టెలో ఎన్నేళ్ళు మగ్గాయో ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. వస్తువు మనదే, మన ఇంట్లో లేదు, అంతే. వెస్ట్ ఆక్లండ్ కప్పు కూడా అట్లాగే, అమ్ముడుపోలేదు, పోలేదు, ఎవరి దగ్గర ఉన్నదో ఊరంతటికీ తెలుసు.

ఆ జట్టుతో ట్యూరిన్ వెళ్ళిన జాక్ గ్రీన్‌వెల్ కథ వేరే మలుపు తిరిగింది. 1912లో అతను స్పెయిన్‌లోని బార్సెలోనా క్లబ్బులో చేరాడు. 1917 నుంచి 1924 దాకా ఆ క్లబ్బుకే శిక్షకుడుగా ఉన్నాడు. 1939లో పెరూ దేశపు జట్టుకు శిక్షణ ఇచ్చి దక్షిణ అమెరికా చాంపియన్‌షిప్పు గెలిపించాడు. 1942లో కొలంబియా రాజధాని బొగోటాలో మరణించాడు. డర్హం బొగ్గు గని నుంచి బొగోటా దాకా! వలసపోయిన మనవారి జీవితాలకు ఏమీ తీసిపోని ప్రయాణం. ఈ పేరును స్పెయిన్‌లో గుర్తుంచుకున్నంతగా ఇంగ్లండులో గుర్తుంచుకోలేదు.

ఇక అమెచ్యూర్ నియమం తన పని తాను చేస్తూనే ఉన్నది. పైకి అందరూ ఉచితంగానే ఆడేవారు. ఆట అయ్యాక బూటులో కాలు పెడితే నోటు తగిలేది! ఈ రహస్యం అందరికీ తెలిసినదే. 1928లో క్రుక్ టౌన్ క్లబ్బు ఆటగాళ్ళకు డబ్బు ఇచ్చినట్లు తేలి శిక్షకు గురయింది. మేమొక్కరమేనా అని వారు మిగిలిన క్లబ్బుల సంగతీ బయటపెట్టారు. కౌంటీలో మూడు వందల మందికి పైగా ఆటగాళ్ళు సస్పెండ్ అయ్యారు. వారు పుచ్చుకున్నది పోయిన కూలి, బస్సు చార్జీ వంటి చిల్లర డబ్బు. దాన్ని నేరం అనడం ఆ నాటి పెద్దమనుషులకే చెల్లింది.

అయినా ఈ సీమ నుంచి గొప్ప జట్లు వస్తూనే ఉన్నాయి. బిషప్ ఆక్లండ్ క్లబ్బు అమెచ్యూర్ కప్పును మొత్తం పదిసార్లు గెలిచింది, ఏ క్లబ్బూ అన్నిసార్లు గెలవలేదు. అందులో 1955, 56, 57 వరుసగా మూడు. అంతకు ముందు 1954లో పొరుగూరు క్రుక్‌తో జరిగిన ఫైనలు మన జమీందార్ల పందేన్ని తలపిస్తుంది. వెంబ్లీలో లక్షమంది ఎదుట 2-2. న్యూకాసిల్‌లో మళ్ళీ 2-2. మూడవసారి మిడిల్స్‌బరోలో క్రుక్ 1-0తో గెలిచింది. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం ఐదారు మైళ్ళకు మించదు. 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమాన ప్రమాదంలో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు నాశనమైనప్పుడు, జట్టు నిలదొక్కుకోవడానికి బిషప్ ఆక్లండ్ నుంచి ముగ్గురు వెళ్ళారు: బాబ్ హార్డిస్టీ, డెరెక్ లూయిన్, వారెన్ బ్రాడ్లీ. బ్రాడ్లీ బడిపంతులు. 1959లో అతను ఇంగ్లండు దేశపు జట్టులో కూడా ఆడాడు.

ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన రాక తప్పదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ అమెచ్యూర్ జట్టును బల్గేరియా 6-1తో ఓడించింది. అదే బల్గేరియా చేతిలో 3-0తో ఓడి భారత జట్టు నాలుగవ స్థానంతో తిరిగి వచ్చింది. ఆ భారత జట్టు శిక్షకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన కూడా బడిపంతులే. ఆటగాళ్ళలో పలువురు హైదరాబాదు వారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఒక తేడా గమనించండి. హైదరాబాదులో ఆట వచ్చినవాడికి పోలీసులో ఉద్యోగం దొరికేది, ఆట వల్ల ఇల్లు గడిచేది. డర్హంలో ఆట వల్ల ఇంటికి రావలసిన కూలి తగ్గేది. ఇద్దరినీ అమెచ్యూర్లనే అన్నారు. నా మటుకు హైదరాబాదు పద్ధతే నిజాయితీ అయినదనిపిస్తుంది.

వెస్ట్ ఆక్లండ్ దగ్గరకు తిరిగి వద్దాం. క్లబ్బు తిరిగి లేచి లీగులో నిలబడింది. 1960లో నార్దరన్ లీగు విజేత అయింది, 1961లో మరోసారి. ఆ 1960లోనే ఊరు చందాలు కూడబెట్టి 100 పౌన్లు చెల్లించి కప్పును విడిపించుకున్నది. అప్పు తీసుకున్నవారిలో చాలామంది అప్పటికి లేరు. తీర్చినది వారి కొడుకులు, మనుమలు. మరుసటి సంవత్సరం జట్టు వెంబ్లీలో అమెచ్యూర్ కప్పు ఫైనలు ఆడి వాల్థమ్‌స్టో ఎవెన్యూ చేతిలో 2-1తో ఓడిపోయింది.

1974లో ఫుట్‌బాల్ సంఘం అమెచ్యూర్, వృత్తి ఆటగాళ్ళన్న తేడానే రద్దు చేసింది. ఎనభై ఏళ్ళు ఎందరినో దోషులుగా నిలబెట్టిన నియమం ఒక్క తీర్మానంతో పోయింది. అమెచ్యూర్ కప్పు కూడా దానితో ముగిసింది. బొగ్గు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. డర్హం సీమలోని చివరి లోతు గనులు 1993లో మూతపడ్డాయి.

1982లో ఈ కథ మీద టెలివిజన్ చిత్రం వచ్చింది, డెనిస్ వాటర్‌మన్ నటించాడు. వూల్‌విచ్ ఆర్సెనల్ కట్టుకథ దేశమంతా పాకడానికి అది బాగా తోడ్పడింది. కప్పు కీర్తి పెరగడం వల్ల నష్టమూ వచ్చింది. 1994 జనవరిలో ఊరి కార్మికుల క్లబ్బులోంచి దొంగలు కప్పును ఎత్తుకుపోయారు. బహుమానం ప్రకటించినా దొరకలేదు. యాభై ఏళ్ళు తాకట్టులో భద్రంగా ఉన్న వస్తువు సొంత ఇంట్లో పోయింది! ఊరివారు అచ్చం అటువంటిదే ఒక నకలు చేయించి పెట్టుకున్నారు.

2009లో నూరేళ్ళ పండుగకు జట్టు ట్యూరిన్ వెళ్ళి యువెంటస్ యువజట్టుతో ఆడి, ఈసారి చిత్తుగా ఓడి వచ్చింది. 2012లోనూ 2014లోనూ చిన్న క్లబ్బులకు పెట్టిన ఎఫ్.ఏ. వేజ్ పోటీలో ఫైనలు చేరి వెంబ్లీలో ఆడింది. మొదటిసారి డన్‌స్టన్ చేతిలో 2-0, రెండవసారి షోలింగ్ చేతిలో 1-0, రెండూ ఓటమే. 2013లో ఆ ట్యూరిన్ వీరుల జ్ఞాపకంగా పచ్చిక బయలులో ఒక శిల్పం వెలిసింది.

న్యూకాసిల్, మిడిల్స్‌బరో ప్రాంతాలలో మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ వైపు బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు డార్లింగ్టన్‌లో రైలు మారితే బిషప్ ఆక్లండ్‌తో లైను ఆగిపోతుంది, అక్కడి నుంచి మూడు మైళ్ళు. సీజనులో శనివారం అయితే పిల్లలను కూడా తీసుకువెళ్ళండి. కప్పు నకలుదే అయినా ఆట అసలుదే, గట్టు పక్కన నిలబడి చూడవచ్చు.